మా అమ్మ నోట్లో ఎండిన బియ్యం

శుక్రవారం. పొద్దున పదకొండు గంటలు. నేను గడియారం చూసి చెప్పడం లేదు. మా దగ్గర గడియారం లేదు, ఉన్నా చూడడం అప్పట్లో నాకు రాదు. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే బస్సు సరిగ్గా ఆ వేళకు మేము పనిచేసే చెరుకు గానుగ ముందరి మలుపులో హారన్ కొట్టేది. ఆ రోజు హారన్ వినబడినప్పుడే మా అమ్మ నోరు తెరిచి, నమిలిన బియ్యాన్ని ఆముదం ఆకు మీద ఉమ్మింది. బియ్యం పిండి పిండిగా రాలింది. చుక్క తడి లేదు.

ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రాద్దామంటే రాయడం రాదు. నాకు అక్షరాలు వచ్చింది బిడ్డల పెళ్ళిళ్ళు అయినాకే. మదనపల్లెలో మా వీధి చివర పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెడితే, టమోటా మండీలో కాయలు ఏరే పని ముగించుకుని పోయి నేర్చుకున్నాను. తొడిమల పసరు చేతికి అంటుకుని పలకంతా పచ్చటి వేలిముద్రలు పడేవి. ఇప్పటికీ వేలు పెట్టే చదువుతాను. ఒత్తులు ఎక్కువైతే ఆగుతాను. నవ్వేవాళ్ళు నవ్వనీ.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా మనవరాలు కుప్పం నుంచి వచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండి చదువుతుంది, ఉద్యోగం పరీక్షకు తయారవుతోంది. పుస్తకం మంచం మీద బోర్లా పెట్టి తల దువ్వుకోవడానికి పోయింది. నేను తిప్పి చూసి వేలు పెట్టాను.

"ఆవులన్నిటికీ నాలుగు కాళ్ళు ఉంటాయి. మంచానికి నాలుగు కాళ్ళు ఉంటాయి. కాబట్టి మంచం ఆవు."

నా చదువులోనే తప్పుందేమోనని మళ్ళీ చదివాను. అదే ఉంది.

"ఏమ్మే, ఈ పుస్తకం రాసినోడికి మతి ఉండాదా?" అన్నాను.

"దాన్ని సిలాజిజం అంటారవ్వా. అందులో తప్పు యాడుండాదో మనం కనిపెట్టాల."

"అంత దూరం పోయి నువ్వు చదివేది మంచం ఆవా కాదా అనేనా?"

"నువ్వు పాలు పిండి సూపిచ్చు, ఆవేనని ఒప్పుకుంటా" అని దువ్వెన పళ్ళ మధ్య పెట్టుకుని నవ్వింది. మళ్ళీ తనే వచ్చి పక్కన కూర్చుంది. దానికి ఎవరికైనా పాఠం చెప్పడమంటే ఇష్టం. "ఇందులో మూడే పదాలవ్వా. ఎవరి గురించి చెప్తాండామో అది చిన్న పదం. ఈడ మంచం. వాళ్ళను ఏమని తేలుస్తాండామో అది పెద్ద పదం. ఈడ ఆవు. ఆ రెండిట్నీ ముడేసేది మధ్య పదం. నాలుగు కాళ్ళు. ఆ మధ్య పదం ముందు చెప్పే రెండు మాటల్లోనూ ఉంటుంది. ఆఖర్న తీర్పులో మాత్రం ఉండదు. ముడేసి పక్కకు తప్పుకుంటుంది."

"తప్పుకుంటే?"

"తప్పుకుంటే, అది సరిగ్గా ముడేసిందా లేదా అని ఎవురూ సూడరు. నాలుగు కాళ్ళు ఆవుకు మాత్రమే ఉంటాయని ఎవురన్నా అన్నారా? లేదు కదా. అదే తప్పు."

నేను మంచినీళ్ళు అడిగాను. నోరు ఎండిపోయింది.

"యాల అవ్వా అట్లయిపోయినావు?" అంది.

"ఏం లేదు, నువ్వు సదువుకో" అన్నాను.

మా నాయన కుప్పం పక్కన రాతి క్వారీలో పని చేసేవాడు. రాళ్ళకు తూట్లు వేసే పని. నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. చెరుకు ఆడే కాలంలో మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని గానుగ పనికి వచ్చేది. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. అమ్మ చెరుకు గడల ఆకు చీరేసి కట్టలు కట్టి తలమీద మోసుకొచ్చేది, గానుగలో గడలు పెట్టేది, పిప్పి ఎండబెట్టేది, యజమాని ఇంట్లో అలికి ముగ్గు వేసేది. గానుగ పక్కనే చెరుకాకు కప్పిన పాకలో మేము ఉండేవాళ్ళం. పొద్దున రాగి సంగటి, దానిలోకి చెనిక్కాయల ఊరిబిండి, అదే పచ్చడి. ఎప్పుడైనా జేజి ఇంట్లోంచి ఇంత ఉలవచారు పంపేది. జేజి అంటే గానుగ యజమాని అమ్మ. ఊరంతా ఆమెను జేజి అనే పిలిచేది.

బెల్లం వాసన అని అందరూ అంటారు. అది ఒక వాసన కాదు. పొద్దున పొయ్యి మీది పెద్ద కొప్పెరలో రసం పోసినప్పుడు పచ్చిగడ్డి వాసన. నురుగు పైకి వచ్చినప్పుడు మన్ను తడిసిన వాసన. పాకం ముదిరి దించే ముందు వచ్చే వాసనకు కుక్కలు కూడా వచ్చి తోక ఆడిస్తూ నిలబడేవి. పాకం పట్టేది పుంగనూరు సాయిబు. గడ్డం అంచుల్లో కాలి ఎర్రగా ఉండేది. నోట్లో ఎప్పుడూ వక్కాకు. పాకం ఒక చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి చూసి, "అభీ నయ్, ఇంకా ఏడుస్తాండాది బిడ్డ" అనేవాడు. దించినాక చెరుకు చెక్క మీద ఇంత పాకం సాగదీసి పిల్లలకు ఇచ్చేవాడు. యజమాని భార్యకు అది గిట్టేది కాదు. "సాయిబూ, మా బెల్లమంతా ఈ పిల్లకాయల కడుపులోకే పోతాంది" అనేది. సాయిబు వినబడనట్టు కట్టె ఎగదోసేవాడు. నేను ఆమె చూడకుండా బుగ్గలో గడ్డ దాచుకుని అది కరిగేదాకా మాట్లాడేదాన్ని కాదు. అందుకే నేను మంచి నెమ్మదిగల పిల్లనని ఊర్లో పేరుండేది.

భయం మాత్రం కొప్పెరంటే. గానుగ చుట్టూ ఎద్దులు తోలే ఆయనకు కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి, పైన చర్మం మెరిసేది. ఆయన ఎప్పుడో దొంగతనం చేస్తే ఆ చెయ్యి మరిగే కొప్పెరలో పెట్టించారని పిల్లలం చెప్పుకునేవాళ్ళం. మాకెవరు చెప్పారో తెలియదు. ఆయన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన ఆ చేత్తో ఎద్దుల్ని నిమిరేవాడు. ఎద్దులు భయపడేవి కాదు, నేను భయపడేదాన్ని.

గురువారం పొద్దున జేజి చెవి కమ్మ కనబడలేదు. ఎర్రరాయి కమ్మ. తలకు పోసుకునేటప్పుడు రెండూ తీసి గోడ గూట్లో పెట్టింది. తిరిగి చూస్తే ఒకటే ఉంది. ఆ పొద్దున ఆ ఇంట్లోకి బయటివాళ్ళు నలుగురం పోయాం. అమ్మ అలకడానికి, సాయిబు మజ్జిగ తాగడానికి, ఎద్దులు తోలే ఆయన మోకు తీసుకోవడానికి, నేను పొయ్యిలోకి నిప్పు అడుక్కురావడానికి.

ఇల్లంతా చిమ్మారు, చేటతో చెత్త చెరిగారు. దొరకలేదు. యజమాని భార్య గానుగ దగ్గరికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"దొంగల్ని పట్టే సోమలాయన్ను పిలిపిస్తాండాం. రేపు పొద్దున బియ్యం నమలాల. ఎవురి నోట్లో బియ్యం ఎండితే వాళ్ళు కొప్పెర ముందర నిలబడి నిజం సెప్పాల. సెప్పకపోతే కొప్పెరే సెప్పిస్తాది."

యజమాని మంచివాడే, కానీ భార్య మాట్లాడేటప్పుడు ఎద్దుల వైపు చూసేవాడు. అప్పుడూ అట్లే చూశాడు.

సాయిబు ఉమ్మేసి, "నా నోరు ఎండాలంటే ముందు పుంగనూరులో వక్కాకు అంగళ్ళన్నీ మూసెయ్యాలమ్మా" అన్నాడు. ఎద్దులు తోలే ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆ రోజు సంగటి కలియబెట్టేటప్పుడు కర్ర ఆమె చేతిలోంచి రెండుసార్లు జారింది. నేను ఆమె కుడిచెయ్యి వైపే చూస్తూ ఉన్నాను. గడల ఆకు చీరి చీరి అరచేతిలో సన్నటి గీతలు పడి ఉండేవి. ఆ చెయ్యి కొప్పెరలో మునిగితే వేళ్ళు అతుక్కుపోతాయి, అప్పుడు నా జడ ఎట్లా అల్లుతుంది అని నా భయం. దొంగ ఎవరో నాకు అక్కర్లేదు. అమ్మ దొంగ కాదని నాకు తెలుసు. అయినా భయం పోలేదు. చిన్నప్పుడు నాకు అది అర్థం కాలేదు: తప్పు చెయ్యకపోతే భయం ఎందుకు?

శుక్రవారం ఆయన సోమల ఊరి నుంచి సైకిలు మీద వచ్చాడు. పెద్దాయన, తెల్ల పంచ, నుదుటన గంధం. సంచిలోంచి బియ్యం మూట తీసి ఎండలో పరిచాడు. వాటి మీద ఏదో మంత్రం గొణిగాడు. గొణుగుతున్నంత సేపూ ఒక్క కాకి కూడా అరవలేదని నాకు అనిపించింది. కొప్పెర కింద మంట మామూలుగానే మండుతోంది, రసం ఉడుకుతోంది. పని ఆపడానికి యజమాని ఒప్పుకోలేదు.

"తప్పు సెయ్యనోళ్ళకు భయం లేదు" అన్నాడు సోమలాయన. "తప్పు సేసినోడి నోరు ఎండుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, మా తాతల కాలం నుంచీ సూస్తాండాం. నమలండి, ఆకు మీద ఉమ్మండి."

ఎవరికి వాళ్ళకు ఒక పిడికెడు బియ్యం, ఒక ఆముదం ఆకు. ముందు సాయిబు నమిలాడు. ఆయన బియ్యం ఎర్రగా ముద్దగా పడింది. "సూడండి, పెళ్ళి అక్షింతల మాదిరి ఉండాయి" అన్నాడు. సోమలాయన ముఖం చిట్లించుకున్నాడు. తర్వాత ఎద్దులు తోలే ఆయన. ఆయన నింపాదిగా, మేత నమిలినట్టు నమిలాడు. తడి ముద్ద. తర్వాత నేను.

నా బుగ్గలో పొద్దున సాయిబు ఇచ్చిన బెల్లం గడ్డ ఇంకా కొంచెం ఉంది. భయానికి మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. బియ్యం దానిమీదే పడ్డాయి. నమిలేకొద్దీ తీపి నీళ్ళు ఊరాయి. ఆకు మీద గోధుమరంగు ముద్ద పడింది. సోమలాయన తల ఊపి, "బిడ్డ మంచిది" అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. బియ్యం నోట్లో వేసుకుంది. దవడ కదులుతోంది కానీ లోపల ఏమీ జరగడం లేదు. చప్పుడు మాత్రం వినబడేది, రాతి మీద ఇసక రాసినట్టు. మలుపులో బస్సు హారన్ కొట్టింది. అమ్మ ఆకు మీదికి వంగింది.

ముందే చెప్పాను కదా. పిండి.

సోమలాయన వేలితో ఆ పిండిని తట్టి చూశాడు. "ఈమె నోరు ఎండింది" అన్నాడు. అంతే అన్నాడు. మిగతాది యజమాని భార్య అనింది.

"అలికేదానికి పోయి గూడు తడిమింది. కొప్పెర ముందరికి రా."

"అమ్మా, నేను తీయలా" అంది అమ్మ. ఆ మాట కూడా పొడిగానే వచ్చింది.

"తీయకపోతే నోరు యాల ఎండింది, సెప్పు."

నోరు ఎందుకు ఎండిందో ఎవరు చెప్పగలరు? యజమాని భార్య అమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ ఇద్దరూ రెండడుగులు వేశారు. నిజంగా చెయ్యి పెట్టించేవాళ్ళా, బెదిరించేవాళ్ళా, నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ పొద్దు నాకు ఏ అనుమానమూ లేదు. మెరిసే చర్మం, అతుక్కున్న వేళ్ళు కళ్ళముందు కనబడ్డాయి. నేను పోయి అమ్మ కొంగు పట్టుకుని వెనక్కి లాగుతూ, "నా నోట్లో బెల్లం ఉండాది" అని అరిచాను. "అందుకే నాది తడిసింది. బెల్లం ఉండాది. సూడండి, బెల్లం." నోరు తెరిచి చూపించాను. నేను ఏదో వాదించానని అనుకోవద్దు. అమ్మను విడిచి నన్ను తిట్టుకోనీ అని మాత్రమే నాకు తోచింది.

సాయిబు కట్టె కింద పడేసి, "అవును, నేనే ఇచ్చినా. ఆ బిడ్డ బియ్యం లెక్కలోకి రాదు. నాదీ రాదు, వక్కాకు ఉండె" అన్నాడు.

"మీ ఎకసెక్కాలు తర్వాత" అంది యజమాని భార్య.

అప్పుడు అరుగు మీదనుంచి జేజి దిగింది. ఒక చెవికి కమ్మ, ఒక చెవి బోసి. కర్ర తాటించుకుంటూ వచ్చి సోమలాయన ముందు చెయ్యి చాపింది.

"నాకూ బియ్యం ఇయ్యప్పా."

"నీకెందుకు జేజీ, పోయింది నీదే కదా."

"ఇమ్మంటాండా కదా."

ఆయన ఇచ్చాడు. జేజికి వెనకవైపు నాలుగు పళ్ళుండేవి. వాటితో చాలాసేపు నమిలింది. మేమంతా చూస్తూ నిలబడ్డాం. కొప్పెరలో నురుగు పొంగితే సాయిబు గరిటెతో కొట్టి మళ్ళీ ఇటే చూశాడు. జేజి ఆకు కూడా అడగలేదు. తన అరచేతిలోనే ఉమ్ముకుని ఆయన ముక్కు కిందికి తెచ్చింది. పొడి నూక.

"నాదీ ఎండింది. నా కమ్మ నేనే ఎత్తుకున్నానా?"

"వయసు మీరినోళ్ళకు ఎంగిలి ఊరదు జేజీ. అది వేరే."

"అయితే ఎంగిలి ఊరనోళ్ళంతా దొంగలు కారు."

సోమలాయన యజమాని భార్య వైపు చూశాడు.

"ముసిలిదానికి ఊరదు" అంది జేజి. "భయపడినదానికి ఊరదు. మొగుడు ఊర్లో లేనిదాన్ని నిలబెట్టి కొప్పెర సూపిస్తే నోరు ఎండక పారుతుందా? నీ బియ్యం మూటగట్టుకో. తిని పో, సంగటి ఉండాది."

జేజి కోడలు అమ్మ మణికట్టు విడిచింది. కానీ ముఖం మార్చుకోలేదు. "ఎట్లయినా పోయింది పోయింది కదా" అంటూ లోపలికి వెళ్ళింది. సోమలాయన సంగటి తినలేదు. సైకిలు తోసుకుంటూ మలుపుదాకా నడిచే పోయాడు.

అన్నీ సర్దుకున్నాయని మీరు అనుకుంటారు. ఏం సర్దుకోలేదు. జేజి ఒక్కతే అనుమానం విడిచింది, మిగతావాళ్ళు విడవలేదు. పక్క గానుగ ఆడవాళ్ళు నీళ్ళకు వచ్చి అమ్మను చూసి బిందె పక్కకు జరుపుకున్నారు. ఆ మధ్యాహ్నమే అమ్మ మా గుడ్డలు మూటగట్టింది. ఎద్దులు తోలే ఆయన మూట అందుకుని బస్సు దాకా తెచ్చిపెట్టాడు. ఆ చెయ్యి నాకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. నేను దాన్నే చూస్తుంటే ఆయనే అన్నాడు, "పాకం పొంగింది బిడ్డా, కొప్పెర దించేటప్పుడు. నీ అంత ఉన్నప్పుడు." అంతే. దొంగతనం లేదు, ఏమీ లేదు. చేయి కాలింది కాబట్టి దొంగ అని మేము పిల్లలం ఆయన్ను ఎన్ని దినాలు తేల్చి పెట్టుకున్నామో.

పుంగనూరు బస్టాండులో దిగి అమ్మ సోడా అంగడి పక్కన కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. మళ్ళీ ముంచుకుంది. అంగడాయన, "సాలమ్మా, కడుపు పగులుతుంది" అన్నాడు. కుప్పం వైపు పోయే బస్సు కోసం గోడ నీడలో కూర్చున్నాం. అప్పుడు చెప్పింది.

"నీ బుగ్గలో నువ్వు దొంగతనంగా దాసిన గడ్డ నేను సూస్తానే ఉంటి. బియ్యానికి కమ్మ ఏదో బెల్లం ఏదో యాడ తెలుస్తుంది? నిన్ను పట్టిస్తాదని అనుకుంటి. నువ్వు ఉమ్మినాక కూడా నా నోరు తేరుకోలేదు."

నేను అమ్మ చేతికి భయపడ్డాను. అమ్మ నా చేతికి భయపడింది. మేమిద్దరం ఆ పొద్దంతా ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ ఉన్నాం, ఒకరికొకరు చెప్పుకోలేదు.

కుప్పంలో క్వారీ పక్కన మేము చాలా కాలం ఉన్నాం. అక్కడి వాసనలు వేరే: రాతి దుమ్ము, మందు కాలిన వాసన. అమ్మ మళ్ళీ గానుగ పనికి పోలేదు. పెళ్ళిళ్ళలో అక్షింతలు చేతిలో పోస్తే ముందున్నవాళ్ళ తలమీదే పడేసి వచ్చేసేది. నా పెళ్ళిలో కూడా అంతే. కమ్మ దొరికిందా అని అడుగుతారు. దొరికిందని నేను వినలేదు. ఎలుక లాక్కుపోయిందో, ఎవరి కొంగులో ఉందో. బియ్యం చెప్పలేదు.

మనవరాలు కుప్పం పోయే ముందు ఒకటి అడిగాను. ఎవరి సంగతో చెప్పలేదు, ఊరికే అడిగినట్టు అడిగాను.

"తప్పు సేసినోళ్ళ నోరు ఎండుతుంది. ఈమె నోరు ఎండింది. కాబట్టి ఈమె తప్పు సేసింది. ఇది ఒప్పా?"

అది బ్యాగు జిప్పు లాగుతూ తల కూడా ఎత్తలేదు. "తప్పవ్వా. మంచం లెక్కే ఇది కూడా. ఎండిన నోరు మధ్య పదం. తప్పు సేసినోళ్ళకు మాత్రమే ఎండుతుందని ఎవురూ అనలేదు కదా."

"అంత సులభమా?"

"సులభమే. మొదటి రోజే సెప్తారు."

మొదటి రోజే చెప్తారంట. అది బస్సు ఎక్కినాక నేను నోటు పుస్తకం తీసి, గీతల మీద వేలు పెట్టుకుని, ఇది రాయడం మొదలు పెట్టాను. చిన్న పదం ఎవరు, పెద్ద పదం ఏది అని రాసుకున్నాను. ఆ ఎండలో ఆ పొద్దు చిన్న పదంగా నిలబడింది మా అమ్మ. ఆమెకు ఓటరు కార్డు లేదు, ఆమె పేరు ఏ పలక మీదా ఎవరూ రాయలేదు. నాకు రాయడం వచ్చేసరికి ఆమె లేదు.

ఆ శుక్రవారం గానుగ దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు. గానుగ యజమాని రామచంద్రప్ప. ఆయన భార్య సరోజమ్మ. బియ్యం తెచ్చిన సోమలాయన మునివెంకటప్ప. పాకం పట్టే మస్తాన్ సాయిబు. ఎద్దులు తోలే గంగులప్ప. మా జేజి నారాయణమ్మ. మా అమ్మ చెంగమ్మ. చెంగమ్మ బిడ్డను నేను.